ఒక్కపొద్దు పట్టిన గుండె

జమ్మికుంట,
16 డిసెంబరు 2024

ఆదిలాబాదు బస్టాండు పక్కన రొట్టెలు కాల్చుకుంటూ, పరలోకాన్ని పొగలో కలుపుకుంటున్న మా రాంచందర్ బావకు,

హరినామం నోట పెట్టుకొని బామ్మర్ది సాంబయ్య రాసేది.

ఈ కాగితం చూసి కళ్లు నులుముకుంటావని తెలుసు. "వీనికి ఫోన్ లేదా, రోగమా?" అంటావు. ఫోన్ లేదు బావా. గీతా జయంతి నాడు వేదిక మీదనే ప్రకటించి, జనాన్ని వెంటబెట్టుకొని పోయి కాకతీయ కాలువలో పడేశాను. హిరణ్యకశిపుడైనా స్తంభంలో హరి ఉన్నాడా అని అడిగాడు. ఈనాటి మనిషి స్తంభాన్ని చూస్తే సిగ్నల్ ఉందా అని అడుగుతున్నాడు. రాక్షసుడే నయం! ఇక నాతో మాట్లాడాలంటే నీవు కలం పట్టాల్సిందే. గల్లాపెట్టె దగ్గర పట్టే కలమే, భయపడకు.

రెండో సంగతి. మా భజన మందిరానికి స్లాబు పడేదాకా నేను ఒక్కపొద్దు ఉంటున్నాను. పగలు ఒక్కపూట పిడికెడు అన్నం, రాత్రికి తులసి నీళ్లు. మార్కెట్ యార్డులో దడువాయిగా జీవితమంతా ఇతరుల పత్తిని తూకం వేశాను. ఇప్పుడు నా దేహాన్ని నేను తూకం వేస్తున్నాను. తగ్గుతోంది బావా, రోజురోజుకూ తగ్గుతోంది! చొక్కా వదులైంది, ఉంగరం జారిపోయింది, దవడలు లోపలికి పోయి ఋషి ముఖం వచ్చింది. ప్రవచనానికి జనం రెట్టింపయ్యారు. ఆకలి కూడా పుట్టడం లేదంటే నమ్ముతావా? ఇంద్రియాలను జయించడమంటే ఇదే.

ఇంకా గొప్ప సంగతి చెబుతాను, నవ్వకు. కదలకుండా కూర్చున్నా గుండె దానంతటదే దడదడా నడుస్తోంది. దాన్ని పెద్దలు అజపాజపం అన్నారు. నోరు ఊరుకున్నా లోపల నామం ఆగదు. బళ్లో ఐదో తరగతి దాటని నాకు ఈ స్థితి దక్కిందంటే అది కృప కాక మరేమిటి?

నీ సంగతే నాకు దిగులు. నీ పొట్ట చూసి బస్సులో ఎవరో లేచి సీటిచ్చారని మా అక్క చెప్పింది. తినేవాడికి తిండే యముడు.

నీ పొట్ట తగ్గి బుద్ధి పెరగాలని కోరే
సాంబయ్య


ఆదిలాబాద్,
26 డిసెంబరు 2024

ఓరి, కాలువల చేపలకు ఫోన్ కొనిచ్చిన పుణ్యాత్మా, సాంబిగా,

నీ ఉత్తరం అందింది. పోస్టుమాన్ నా పేరు పిలువంగనే హోటల్ల తినేటోళ్లంత రొట్టె కింద పెట్టిండ్రు. కోర్టు నోటీసనుకున్నరు. నీ రాత చూసినంక, నోటీసైతేనే బాగుండు అనుకున్న.

నువ్వు నీ ఫోన్ పారేసినవు గని కొమురవ్వ ఫోన్ ఉన్నది గద. దినాం మీ అక్కకు చేస్తది, దినాం ఏడుస్తది. "మా ఆయన మెట్లెక్కితే మధ్యల కూసుంటుండు వదినే, రాత్రి పండుకుంటే ఊపిరాడక లేచి గోడకు ఒరుగుతుండు" అంటుంది. కాళ్లకు చెప్పులు పడ్తలేవంట గద? మనిషేమో కందికట్టె, కాళ్లేమో అరటి మొద్దులు. ఏ ఋషికి గట్లుండె? నాకు తెల్వక అడుగుతున్న, చదువుకున్నోనివి గద.

ఇగ గుండె జపం ముచ్చట. మా హోటల్ల మిక్సీ ఉన్నది. పప్పు ఏస్తే గుర్రుమని మెల్లగ తిరుగుతది. ఖాళీగ తిప్పినవనుకో, బజారంత ఇనబడ్తది. నీ గుండె సుత గట్లనే మోత చేస్తున్నదేమో జర ఆలోచించు. లోపల సరుకు లేక.

స్లాబు పడేదాక తినవా? సర్కారు బడి స్లాబు ఎన్నడు పడ్డదో యాదికి తెచ్చుకో. నువ్వు మొక్కుకున్నది దేవునికి కాదు, మేస్త్రీకి.

మీ అక్క చెప్పమన్నది: "వచ్చి నాల్గు దినాలుండు, జొన్నరొట్టె, పిట్ల చేసి పెడ్త." శనగపిండి పిట్ల ఇటు మరాఠోళ్ల వంట. నువ్వు పోయినసారి రెండు గిన్నెలు నాకినవు, గప్పుడు ఇంద్రియాలు ఎటు పోయినయో.

నీ తిండి సుత నేనే తింటున్న
బావ, రాంచందర్


జమ్మికుంట,
20 జనవరి 2025

మిక్సీతో తప్ప దేనితోనూ పోలిక దొరకని మహాకవికి,

నీ వెటకారం చదివి నవ్వుకున్నాను. సముద్రాన్ని చూసి కప్ప నవ్వినంత మాత్రాన సముద్రానికి పోయేదేమీ లేదు.

కానీ ఒక సంగతి జరిగింది, నీకు వక్రంగా చేరకముందే నేనే చెబుతాను. మొన్న ప్రవచనంలో పదకొండో అధ్యాయం ఎత్తుకున్నాను. విశ్వరూపం దగ్గరికి వచ్చేసరికి నా కళ్ల ముందు నిజంగానే వేయి సూర్యులు వెలిగారు. తర్వాత చూసుకుంటే చాప మీద ఉన్నాను. జనం "సమాధి, సమాధి" అని కొబ్బరికాయలు కొడుతున్నారు. ఒక ముసలమ్మ నా చెవి దగ్గర వంగి, "మా మనుమనికి నౌకరి ఎప్పుడొస్తదో జర అడిగి చెప్పు సామీ" అంటోంది. కాళ్లు నిండుగా ఉన్నాయని నీవు ఎగతాళి చేశావే, ఆ పాదాలకే ఆడవాళ్లు వరుస కట్టి పసుపు రాస్తున్నారు. నొక్కితే గుంట పడుతోంది, ఆ గుంటలో కుంకుమ పెడుతున్నారు. మందిరం కమిటీ అధ్యక్షుడు కరుణాకర్‌రావు దొర అయితే, "స్వామీ, ఈ దీక్ష సడలనియ్యకండి, మన మందిరానికి మీరే పునాది" అన్నాడు.

ఇక కొమురవ్వ చేసిన మోసం విను. కరీంనగర్‌లో ఒక దవాఖానలో రోగులకు ప్రవచనం చెప్పమని పిలుపొచ్చిందంది. శాలువా వేసుకొని పోయాను. బెంచీల మీద జనం కిక్కిరిసి ఉన్నారు. దేహం అద్దె ఇల్లని మొదలుపెట్టాను. అందరూ శ్రద్ధగా వింటున్నారు, లేచిపోయే ఓపిక లేక కావచ్చు. ఇంతలో ఒక సిస్టరమ్మ వచ్చి, "సాంబయ్య ఎవరు? నంబరొచ్చింది, అంగీ విప్పుండ్రి" అంది.

డాక్టరమ్మ నా ఛాతీ మీద చల్లటి జిగురు పూసి, తెర మీద గుండెను చూపించింది. అబద్ధమెందుకు, చూశాను బావా. ఒడ్డున పడ్డ చేప నోరులా తెరుచుకుంటోంది, మూసుకుంటోంది. "గుండె కండ పలుచబడ్డది. ఇది ఒక్క ఉపాసంతోనే అయ్యేది కాదు" అందామె. "అమ్మా, ఈశ్వరుడు కూర్చునే పీట అది. పలుచబడితే తేలికైందన్నమాట" అన్నాను. ఆమె నవ్వలేదు. రక్తం తీసుకున్నారు, కడుపు కూడా స్కాన్ చేశారు. ఏమొచ్చిందే అంటే "గ్యాసు" అంటోంది కొమురవ్వ. గ్యాసుకు కళ్లెందుకు ఎర్రబడ్డాయో ఆమెకే తెలియాలి.

కప్పల మీద కోపం లేని సముద్రం,
సాంబయ్య


ఆదిలాబాద్,
3 ఫిబ్రవరి 2025

గౌరవనీయులైన శ్రీ సాంబయ్య గారికి,

నమస్కారములు. తమ ఆరోగ్య పరిస్థితి తెలిసి మిక్కిలి విచారించితిమి. తమరు ధైర్యముగా ఉండగలరు. ఆధ్యాత్మిక రంగమునకు తమరు చేసిన సేవలు మరువలేనివి. ఆ భగవంతుడు తమకు శాంతిని ప్రసాదించుగాక.

ఇట్లు,
రాంచందర్ మరియు కుటుంబ సభ్యులు


జమ్మికుంట,
10 ఫిబ్రవరి 2025

బావా,

నాకు ఏమైంది?

నువ్వు నన్ను "గారు" అని రాసినవు. మా అక్క పెండ్లి పందిట్ల నా నెత్తి మీద మజ్జిగ పోసిననాటి నుంచి నువ్వు నన్ను మంచిగ పిలిచింది లేదు. మన దిక్కు బావ బామ్మర్దిని ఎక్కిరించుడు మానేది ఒక్క తాననే. పాడె కాడ.

ఆ కాగితం పట్టుకొని కొమురవ్వ ముందు నిలబడ్డాను. "నిజం చెప్పు, బావ నన్ను గారు అన్నడు" అన్నాను. ఆమె గోడకు జారి కూలబడి చెప్పింది. పెద్దపేగులో గడ్డ. క్యాన్సర్. మీకందరికీ తెలుసు, నాకు తప్ప. ఊరందరికీ మరణం గురించి చెప్పే మనిషికి తన మరణం సంగతి ఫ్లెక్సీ భాషలో తెలిసింది.

సరే, తెలిసింది మంచిదైంది. శాపం సంగతి తెలిసిన పరీక్షిత్తు వైద్యుణ్ణి పిలవలేదు, గంగ ఒడ్డున అన్నపానాలు మాని కూర్చున్నాడు. నేనూ అదే చేస్తాను. పేగు కోయించుకోను, మందులు ఎక్కించుకోను. ఎల్లుండి నుంచి ఆ ఒక్కపూట ముద్ద కూడా మానేస్తున్నాను. వారంలో కొండగట్టు పోయి అంజన్న పాదాల దగ్గర కూర్చుంటాను. కరుణాకర్‌రావు దొరకు చెబితే కళ్లు తుడుచుకొని, "మహోన్నతమైన నిర్ణయం స్వామీ" అన్నాడు. సాయంత్రానికి మందిరం పక్కన టేపు పెట్టి జాగా కొలుస్తున్నారు. దేనికని అడిగితే "మీకే" అన్నారు.

వేదిక మీద నుంచి చావును ఎన్నిసార్లు తిట్టానో. అది ఇంటికొస్తే మాత్రం తిట్టు ఒక్కటీ నోటికి రావడం లేదు. రాత్రి గుండె మీద చెయ్యి పెట్టుకుంటే ఇప్పుడు నామం వినబడటం లేదు బావా. ఉరుకుడు వినబడుతోంది.

అక్కను ఏడవనియ్యకు.

సాంబయ్య


ఆదిలాబాద్,
15 ఫిబ్రవరి 2025

ఓరి చావు నెత్తిన పెట్టుకొని ఊరేగే సన్నాసి, బుద్ధిలేని దడువాయి, దొంగ పరీక్షిత్తూ, సాంబిగా,

గీ ఉత్తరం పోస్టుల ఎయ్యలే. నా బిడ్డ వందన చేతికిచ్చి బస్సెక్కించిన. నువ్వు ఇది సదివి, దాని ముంగట ముద్ద మింగేదాక అది నీ ఇంట్లకెళ్లి కదలది. మొండితనం అంతా మీ అక్కదే వచ్చింది, జాగ్రత.

ముందుగాల గా "గారు" ముచ్చట. కొమురవ్వ ఫోన్‌ల చెప్పినంక నీకు రాద్దామని కూసున్న. ఒక్క తిట్టు సుత రాలే. కాగితాలు చింపి చింపి పొయ్యిల ఏసిన. ఆఖరికి పక్క ఫ్లెక్సీల దుకాణం పిలగాన్ని అడిగిన, "కష్టంల ఉన్నోనికి ఏం రాస్తరు బిడ్డా?" అని. వాడు రాసిచ్చిండు, నేను ఎక్కించిన. వానికి వచ్చినయి రెండే: జన్మదిన శుభాకాంక్షలు, అశ్రు నివాళి. తప్పు వానిది కాదు, నాది. గని గా ఒక్క కాగితం పట్టుకొని చస్తనంటవా? నీకు సావుకు సాకు గంత సస్తగ దొరికిందారా?

ఇగ ఇను. నేను మొన్న కరీంనగర్ పోయి గా డాక్టరమ్మను కలిసిన. "నాకు హోటల్ భాషల చెప్పమ్మా" అన్న. చెప్పింది.

గా గడ్డ ఊకె కూసుండేది కాదట. రక్తంలకు ఏందో రసాలు ఇడుస్తదట. గవి ఒళ్లంత తిరిగి, "కండలు కరిగియ్యుండ్రి" అని హుకుం చేస్తయట. చేతుల కండ పాయె, తొడల కండ పాయె. గుండె సుత కండనే గదరా, దాన్ని ఇడిచిపెడ్తదా? దాని గోడ పలుచనైంది, బరువు తగ్గింది. ఒక్కో దెబ్బకు నెట్టాల్సినంత నెత్తురు నెడ్తలేదు. గడ్డకాడ నెత్తురు కారి కారి, ఉన్న నెత్తురు సుత నీళ్లయింది. తక్కువైన పని పూరా చేసుటానికి గుండె జల్ది జల్ది కొట్టుకుంటది. గదే నీ అజపాజపం. నెట్టుడు చాలక నీళ్లు కాళ్లల్ల దిగుతయి. గవే పసుపు రాయించుకున్న నీ పాదపద్మాలు. ఆకలి సచ్చింది ఇంద్రియాలను గెలిచి కాదు, గడ్డ ఇడిచిన రసాలతోని.

అంటే సాంబిగా, గిన్ని నెలలు తపస్సు చేసింది నువ్వు కాదు. నీ కడుపుల గా రాక్షసుడు చేసిండు. నువ్వు ఒక్కపొద్దు పట్టి, ఉన్న గింత మేత దానికే పెట్టినవు. భస్మాసురునికి వరమిచ్చి నెత్తి సుత వంచినవు.

"మంచిగ తింటే తక్కువైతదా?" అని అడిగిన. "తిండితోని గడ్డ పోదు, తీసేయాల్సిందే. కాని గింత బలం, నెత్తురు లేకుంటే గుండె ఆపరేషన్‌కు తట్టుకోదు. గోలీలేసి, తినిపిచ్చి తెండ్రి, నేను చూస్త" అన్నది. తర్వాత ఎక్కించే మందులు సుత గుండెను సతాయించొచ్చట, అందుకే నడుమనడుమ మళ్ల గా చేప నోరు చూస్తరట. గడ్డ పోతే గుండె తేరుకునే ఆశ ఉన్నదట. ఖాయమని చెప్పలే. ఉమ్మీద్ అన్నది. నాకు గది చాలు.

పరీక్షిత్తుకు పాము ఎటుకెళ్లి వస్తదో తెల్వది. నీ పాము పేగుల పండుకున్నది, డాక్టరమ్మ తోక పట్టుకుంటనంటున్నది. గప్పుడు సుత కాటుకు కాలు సాపెటోన్ని భాగవతంల ఏమంటరో నాకు తెల్వది. ఆదిలాబాద్‌ల యేడా అంటరు, అంటే పిచ్చోడని.

గింకోటి. నా పెండ్లికి నువ్విచ్చిన గీత యాదికున్నదా? గిన్నేండ్లు గల్లాపెట్టె కాలు కింద ఎత్తుకు పెట్టిన. మొన్న మీ అక్క దాన్ని గుంజి పదిహేడో అధ్యాయం తీసి నా మొఖాన పెట్టింది. ఒళ్లును ఊకె ఎండబెట్టేటోళ్లు లోపలున్న నన్ను సుత ఎండబెడ్తున్నరు, వాళ్లవి రాక్షసుల పట్టుదలలు అని నీ కృష్ణుడే అన్నడు. గా శ్లోకం నువ్వెన్నడన్న మైకుల చెప్పినవా? ఎట్ల చెప్తవు, కరుణాకర్‌రావుకు కోపమొస్తది గద.

పీట మీద కూసున్న దేవున్ని ఉపాసం పెట్టి, పీట తేలికైందని మురిసినవు. సిగ్గుండాలె.

వెతికింది మీ అక్క. తిట్టింది నేను. ముద్ద మింగు.

రాంచందర్


జమ్మికుంట,
22 ఏప్రిల్ 2025

గల్లాపెట్టె కింద గీత పెట్టి, పెట్టె కాలికి మోక్షం ఇప్పించిన మహాపాపికి,

ఆలస్యానికి కారణం నీకు తెలుసు. పేగులో మూరెడు తగ్గి కూర్చున్నాను.

నీ ఉత్తరం చదివి మొదట చింపేద్దామనుకున్నాను. నీ బిడ్డ జొన్న జావ గిన్నె పట్టుకొని ఎదురుగా మఠం వేసింది. పదిహేడో అధ్యాయం తీశాను. వందలసార్లు చదివిన పుట. ఆ శ్లోకం దగ్గరికి వచ్చినప్పుడల్లా అది ఎవరికో చెప్పిందనుకొని దాటిపోయేవాణ్ణి. ఈసారి అది కదలలేదు, నన్నూ కదలనివ్వలేదు. మొదటి గుక్కకు కళ్లలో నీళ్లొచ్చాయి. ఉప్పెక్కువైందని వందనతో అన్నాను. "ఉప్పు ఏయలే మామా, డాక్టరమ్మ వద్దన్నది" అంది. నీ కూతురే.

ఆపరేషన్‌కు ముందు, కాస్త ఊపిరి చిక్కాక, ఒక ఆదివారం వేదికెక్కాను. "నా పాదాలకు పసుపు రాసినవాళ్లు వినండి. అది మహిమ కాదు, నీరు. నేను పడిపోయింది సమాధిలో కాదు, చాప మీద. పదిహేడో అధ్యాయంలో కృష్ణుడు చెప్పిన రాక్షసుణ్ణి చూడాలంటే టికెట్టు లేకుండా చూడండి, ఇడుగో" అన్నాను. అని, మా అక్క పంపిన రొట్టె విప్పి, పిట్లలో ముంచుకొని మైకు ముందే తిన్నాను. నమిలిన చప్పుడు స్పీకర్లలో బజారంతా వినబడిందట. సగం జనం లేచిపోయారు. ఆ ముసలమ్మ మాత్రం పోలేదు. "తిన్నవు గద, ఇప్పుడన్న చెప్పు, మా మనుమనికి నౌకరి ఎప్పుడు?" అంది. "ముందు వాణ్ణి దరఖాస్తు పెట్టమనమ్మా" అన్నాను. ఇన్నేళ్లలో నేను చెప్పిన మొదటి పనికొచ్చే ప్రవచనం అదేనేమో.

కరుణాకర్‌రావు దొర ఇంటికొచ్చాడు. "మీరు తినడం మందిరానికి మచ్చ" అన్నాడు. నా ఫోటోను అప్పటికే పెద్దది చేయించి ఫ్రేము కట్టించారట. కింద పుట్టిన తేదీ వేసి, పక్కన జాగా ఖాళీగా వదిలారు. "ఇంత ఖర్మ పట్టిన ఫోటో మాకెందుకు" అని ఇచ్చిపోయాడు. వంటింట్లో వేలాడదీశాను. తిననని మొరాయించినప్పుడల్లా కొమురవ్వ ఆ ఖాళీ జాగా వైపు గరిటె చూపిస్తోంది.

గుండె ఇంకా మెట్లను ఒప్పుకోవడం లేదు. వచ్చే నెల మందులు మొదలు.

ఖాళీ జాగా నింపే తొందర లేని
సాంబయ్య


జమ్మికుంట,
8 సెప్టెంబరు 2025

బావకు,

ఎక్కించాల్సిన మందులు అయిపోయాయి. నాలుక ఇనుప ముక్కలా ఉంది, వేళ్లు మొద్దుబారాయి. నిన్న కరీంనగర్‌లో కడుపు, గుండె రెండూ మళ్లీ చూశారు. రిపోర్టులు ఫోన్‌కు పంపిస్తామన్నారు. నా ఫోన్ ఏ చేప దగ్గరుందో తెలియదు కనుక వందన నంబరిచ్చాను. కొమురవ్వకు చెప్పొద్దన్నాను. ఆమె మళ్లీ గ్యాసు అంటుంది, నేను మళ్లీ ఆమె కళ్లు చూడాలి.

నాకంటే ముందు నీకే తెలుస్తుంది. నీవు రాసేదాకా ఆగుతాను. ఒక్కటే మాట. ఉత్తరం విప్పగానే మొదటి వరుస చూస్తాను. అందులో "గారు" ఉంటే కింద చదవను, మడిచి పెట్టేస్తాను.

సాంబయ్య


ఆదిలాబాద్,
13 సెప్టెంబరు 2025

ఓరి, జనానికి నీతులు చెప్పి ఇంట్ల మామిడికాయ తొక్కు దొంగతనం చేసే జిహ్వచాపల్యపు జగద్గురూ, ముక్కు మూసుకున్న కొంగా, సాంబిగా,

మొదటి వరుస సదివి మురుస్తున్నవు గద? ఆగు. రిపోర్టు పాడుగ వచ్చినా నేను గిట్లనే రాద్దును. గింతకన్న గలీజుగ రాద్దును. ఫ్లెక్సీల దుకాణం గడప తొక్కనని మీ అక్క మీద ఒట్టు పెట్టుకున్న. కాబట్టి ఇటుమీద నా తిట్టును చూసి నీ రోగం లెక్క కట్టకు. పూరా సదువు.

కడుపుల మళ్ల ఏం మొలవలే. గుండె గోడ తేరుకున్నది, నెత్తురు మునుపటికన్న మంచిగ నెడ్తున్నది. "పూర్తిగ పాతగుండె కాదు, కాని మనిషిని మోస్తది" అన్నదట డాక్టరమ్మ. ఎప్పటికప్పుడు పోయి చూపించుకోవాలె. గడ్డ మళ్ల రాదని ఆమె రాసియ్యలే, నేను రాసియ్య. తింటాంటే చూసుకుందం.

వందన ఫోన్‌ల రిపోర్టు సదువంగనే మీ అక్క పొయ్యి ముంగట కూసోని, కాలుతున్న రొట్టె మర్చిపోయింది. మాడిన గా రొట్టె పారెయ్యలే. నీకే కట్టించిన.

ఐతారం పొద్దుగాల బస్సుకు వస్తున్న. బస్టాండుకు నడిచి రా. మెల్లగ రా, నడుమ కూసుంటూ రా. వచ్చినంక నా పక్కన బల్ల మీద కూసోని, గుండె మీద చెయ్యి పెట్టి సూడు. అది మోత చెయ్యకుంట దాని పని అది చేసుకుంటాంటే, గదేరా జపం.

ఇట్లు,
రాంచందర్ గారు
(గా మర్యాద ఇగ నాకే)